నిండా నింపిన మ్యాగజైన్లు

తుపాకీ మళ్ళీ మొరాయించింది.

గురి కోసం విసిరిన మట్టి పళ్ళెం గాల్లోకి లేచింది. అబూ ఫహద్ భుజానికి ఆనించిన తుపాకీ ఒకసారి పేలి, రెండోసారికి ‘టక్’ మని ఊరుకుంది. పళ్ళెం దర్జాగా ఎగిరి వెళ్ళి దూరంగా ఇసుకలో చతికిలబడింది. పక్క వరుసలో ఉన్న ముసలి స్నేహితులు గళ్ళ రుమాళ్ళ చాటున నవ్వుకున్నారు.

"మహబూబ్! షినూ హాదా? ఏమిటిది?"

వెనక మంచినీళ్ళ పెట్టె దగ్గర నిలబడ్డ మహబూబ్ బాషాకు ఆ కేక చాలు. ఈ రోజు కూడా తన పని జరగదు.

అతని పని ఎంత? ఇంట్లో అందరూ బాబా అనే యజమాని అబూ ఫహద్ ఫోన్ మీద వేలితో ఒక్క నొక్కు. రాయచోటిలో డీజిల్ మెకానిక్‌గా బతికిన మనిషి, కువైట్‌లోని జహ్రాలో అతని ఇంటి డ్రైవరుగా చేరి ఏళ్ళు గడిచాయి. ఇంటి వీసా మీద ఉన్నవాళ్ళు కంపెనీ వీసాకు మారవచ్చని ఈ వేసవిలో సర్కారు గడువిచ్చింది. అల్ రాయ్‌లో ఒక వర్క్‌షాపు ఉద్యోగం ఇస్తానంది. దరఖాస్తు బాబా ఫోన్‌లోకి వచ్చి కూర్చుంది. వీసా ఇచ్చిన కఫీల్‌గా బాబా ఒప్పుకుంటే చేతిలోకి మళ్ళీ స్పానర్ వస్తుంది. ఒప్పుకోకపోతే జీవితాంతం ఇంటి యజమానురాలు మామా కూరగాయల సంచులే. గడువు రేపటితో ఖలాస్.

రోజూ సాయంత్రం మహబూబ్ ఆ పేజీ తెరిచి ఫోన్ అందిస్తాడు. రోజూ బాబా దాన్ని పక్కకు నెడతాడు.

"ముందు నా తుపాకీ సంగతి చూడు. ఇది సరిగ్గా పేలిన రోజు నీ పని చేస్తాను."

ఆ తుపాకీ పెద్దకొడుకు ఇచ్చిన కానుక. ప్లాస్టిక్ ఒంటి తూటాలు నింపిన మ్యాగజైన్ కింద బిగిస్తే, ఒకదాని తర్వాత ఒకటి దానంతటదే పైకి తెచ్చుకునే రకం. చలికాలమంతా గుర్రంలా పరిగెత్తింది. ఎండలు ముదిరాక గాడిదైపోయింది. మ్యాగజైన్లు అరిగిపోయాయని బాబా తీర్పు చెప్పి, తుపాకీతో వచ్చిన రెంటినీ చెత్తలో వేయించాడు. కొత్తవి ఎంచే పని మెకానిక్ బుర్ర ఉన్న మహబూబ్ నెత్తిన పడింది.

తుపాకుల షాపు ముందు హారన్ కొట్టగానే మలయాళీ సేల్స్‌మన్ పళ్ళెంలో మ్యాగజైన్లు పెట్టుకుని కారు కిటికీ దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు. ఏసీ చల్లగాలిలో కూర్చుని బాబా ఒకటే మాట అన్నాడు.

"గట్టిగా ఉండాలి. చవగ్గా ఉండాలి."

"బాబా, ఆ రెండూ ఒక డబ్బాలో పట్టవు," అన్నాడు సేల్స్‌మన్.

చవకదాన్ని మహబూబ్ చేతిలోకి తీసుకున్నాడు. తూటాను పట్టి ఉంచాల్సిన పై అంచులు బొటనవేలితో నొక్కితే ఒంగుతున్నాయి. లోపలి స్ప్రింగు పెన్ను స్ప్రింగులా ఉంది. వద్దన్నాడు. బాబా అదే కొన్నాడు. అది రెండో రోజే చేతులెత్తేసింది. తర్వాత మధ్య ధరలో ఇనుప రేకుది కొన్నారు. అంచులు గట్టివి, స్ప్రింగు బిగువు. అయినా ఇరుక్కుంది. చివరికి బాబా పళ్ళు కొరుక్కుంటూ అసలు కంపెనీదే కొన్నాడు. ఆ డబ్బుతో మేక వచ్చేదని వారమంతా సణిగాడు.

ఈ రోజు ఇరుక్కున్నది ఆ అసలు కంపెనీ మ్యాగజైనే.

మర్నాడు పొద్దున్నే కుక్కుటేశ్వరరావు ఫోన్ చేశాడు. కోనసీమ మనిషి, ఆ వర్క్‌షాపులో ఫోర్‌మన్.

"ఏవండీ బాషాగారూ, మీ కఫీల్ గారి వేలికి కట్టేమన్నా కట్టేరేటండీ? ఒక్క నొక్కు గదండీ!"

"యాడ నొక్కుతాడన్నా. గన్ను పేలాలంట."

"ఆయ్, గన్ను పేలకపోతే మీ సీటు పేలిపోద్దండి. సాయంత్రం దాటితే మా మేనేజరు ఇంకోళ్ళని పెట్టేసుకుంటాడండి. తర్వాత నన్ననుకోకండి."

వంటింట్లో చిట్టెమ్మ టీ గ్లాసు చేతికిస్తూ అతని మొహం చూసింది. ఆమెదీ అటు గోదావరి వైపే. ఆ ఇంట్లో అందరికన్నా పాత మనిషి.

"ఇంకా నొక్కలేదా తమ్ముడూ?"

"మూడు రకాల డబ్బాలు కొనిచ్చినా అక్కా. చవకదీ అంతే, ఖరీదుదీ అంతే. ఇరుక్కుంది గన్నులో తూటా కాదు, నా నసీబు."

"ఆయన సల్లగా ఉన్నప్పుడు ఎవర్నీ వదలడయ్యా. ఏడాది పొడుగూ లీవడిగితే ‘ఇన్‌షా అల్లా’ అనేవోడు. ఆళ్ళ నాన్నగారి గావా కాఫీ కూజా నా సేతిలోంచి జారి సొట్టపడిందో లేదో, ‘పో, మీ ఊరు పో’ అని ఆ పూటే టిక్కెట్టు తీసేశాడు."

"నీది లీవు గదక్కా, మళ్ళీ వచ్చినావు. నాకంటే ముందుండిన డ్రైవర్ని ఏం జేసినాడు? కోపంలో వీసానే కాన్సిల్ జేయిచ్చి పంపేసినాడు గదా."

"అదీ నిజమేలే," అని చిట్టెమ్మ పొయ్యి వైపు తిరిగింది.

సాయంత్రం మళ్ళీ అదే మైదానం. కారు వెనక డిక్కీ తెరవగానే సెగ మొహానికి కొట్టింది. తూటాల సంచి మామా ఇంట్లోకి రానివ్వదు. అది ఎప్పుడూ డిక్కీలోనే. బాబా అడిగేలోపే అన్నీ సిద్ధంగా ఉండాలన్నది హౌస్ డ్రైవరు మొదటి పాఠం. బయల్దేరే ముందే ఏసీ, చేయి చాచేలోపే నీళ్ళ సీసా, వెతుక్కునేలోపే కళ్ళజోడు. బాబా బొటనవేలికి వాపు కాబట్టి మ్యాగజైన్లు నింపేదీ మహబూబే. ఆట ముగియగానే మర్నాటికి నిండా కుక్కి సంచిలో పెట్టేస్తాడు.

బాబా మొదటి దెబ్బ వేశాడు. పేలింది. రెండోది ఇరుక్కుంది. పక్కనున్న స్నేహితుడు జాలిపడి తన పెట్టెలోంచి తూటాలు ఇచ్చాడు. మహబూబ్ ఉన్నవి తీసేసి వాటిని అదే మ్యాగజైన్‌లో నింపాడు. అయిదూ వరసగా పేలాయి. అయిదు పళ్ళేలూ ముక్కలయ్యాయి.

మహబూబ్ ఆ ఖాళీ పెట్టె తిప్పి చూశాడు. అదే కంపెనీ, అదే రకం. మరి తేడా ఎక్కడ? సంచిలోంచి నిన్న నింపిన మరో మ్యాగజైన్ తీసి తూటాలన్నీ బయటికి లాగాడు. డిక్కీలో మూత తీయని పెట్టె నుంచి ఒక కొత్త తూటా తెచ్చాడు. రెంటినీ బల్ల మీద దొర్లించాడు. కొత్తది గోలీలా అవతలి అంచు దాకా వెళ్ళింది. మ్యాగజైన్‌లోంచి తీసింది రెండు పొర్లాటలు పొర్లి, తడబడి, బోర్లా పడ్డ దోసకాయలా ఆగిపోయింది.

దాని ప్లాస్టిక్ ఒళ్ళు ఒక పక్క అణిగిపోయి ఉంది.

కింద నుంచి స్ప్రింగు తోపు, పైన గట్టి అంచు, చుట్టూ డిక్కీలో కొలిమి వేడి. రోజంతా అలా నొక్కుకుపోతే ప్లాస్టిక్ గుండ్రంగా ఎందుకుంటుంది? చవకదానిదీ తప్పు కాదు, ఖరీదుదానిదీ కాదు. చలికాలంలో ఈ వేడి లేదు కాబట్టి బయటపడలేదు. వారాల తరబడి తన దరఖాస్తుకు అడ్డం పడింది తన చేతులే. నమ్మకంగా, ముందుగా, నిండా కుక్కిన తన చేతులే.

మిగతా తూటాలన్నీ కొత్త పెట్టెలోంచి అప్పటికప్పుడు నింపి ఇచ్చాడు. తుపాకీ ఒక్కసారి కూడా ఆగలేదు. బాబా యువకుడిలా వెనక్కి వచ్చి కుర్చీలో వాలాడు.

"చూశావా! అసలు కంపెనీ అంటే అసలే. కుదురుకోవడానికి నాలుగు రోజులు పట్టింది, అంతే."

"బాబా, నా పని..."

"ఏం పని? నువ్వు పోతే ఇవన్నీ ఎవడు చూస్తాడు? చలికాలం పోనీ. ఇన్‌షా అల్లా."

తుపాకీ పేలనంతకాలం పేలలేదని వదలలేదు. పేలితే పేలిందని వదలడట. దూరంగా మైదానం చివర పొద్దు వాలిపోతోంది. చీకటి పడితే అల్ రాయ్‌లో మేనేజరు ఇంకొకడి పేరు రాసుకుంటాడు. చిట్టెమ్మ కూజా గుర్తొచ్చింది. కాన్సిలై పోయిన డ్రైవరూ గుర్తొచ్చాడు. ఇక పోయేదేముంది?

ఛార్జింగ్‌లో ఉన్న బాబా ఫోన్ తీశాడు. పేజీ తెరిచాడు. బాబా కళ్ళజోడు తుడిచాడు. రెండూ పట్టుకుని బాబా ముందు నిలబడ్డాడు.

"బాబా, మ్యాగజైన్లలో తప్పేం లేదు. తప్పు నాది. ముందు రోజే నిండా నింపి ఎండకు డిక్కీలో పెట్టాను. తూటాలు వంకర పోయాయి. ఇవాళ అప్పుడే నింపితే పేలాయి."

బాబా కళ్ళు చిన్నవయ్యాయి. "అంటే ఆ ఇనుపది?"

"బాగుంది."

"తుపాకీతో వచ్చిన ఆ పాతవి?"

"అన్నిటికన్నా అవే బాగుండేవి బాబా."

"ఎక్కడున్నాయి?"

"మీరు చెత్తలో వేయమన్నారు. వేశాను."

పక్క వరుస నుంచి పకపకా నవ్వు వినిపించింది. ఈసారి రుమాలు కూడా అడ్డం పెట్టుకోలేదు. బాబా మొహం కందిపోయింది.

"హిమార్! గాడిదా! కొడుకిచ్చిన కానుక చెత్తలో వేయించి, మూడుసార్లు షాపు చుట్టూ తిప్పి... ఇవ్వు ఆ ఫోన్!"

లాక్కున్నాడు. కళ్ళజోడు పెట్టుకున్నాడు. వేలు గాల్లో ఆగింది.

"ఏది? ఏది నొక్కాలి?"

అబద్ధం ఆడితే ఆడొచ్చు. అతను ఆడలేదు.

"పచ్చది నొక్కితే అల్ రాయ్ పోతా బాబా. ఎర్రది నొక్కితే మీ ఇంట్లోనే ఉంటా."

"నా ఇంట్లోనా? నువ్వా?"

వాచిన బొటనవేలు పచ్చ గడి మీద ఎంత గట్టిగా పడిందంటే, ఫోన్ జారి ఇసుకలో పడింది. మహబూబ్ వంగి తీసి, దుమ్ము ఊది, తెర చూశాడు. ఒప్పుకున్నట్టు సందేశం వచ్చేసింది.

"పో! యల్లా!" అని బాబా కుర్చీలో అటు తిరిగి కూర్చున్నాడు. కాసేపటికి అటు తిరిగే అడిగాడు. "రేపు మామాను ఎగైలా బజారుకు ఎవడు తీసుకెళ్తాడు?"

"కాగితాలు వచ్చేదాకా నేనే బాబా."

మహబూబ్ మ్యాగజైన్లలో మిగిలిన తూటాలు ఒక్కొక్కటే తీసి పెట్టెలో పేర్చాడు. ఖాళీ డబ్బాలు సంచిలో పడేసి, డిక్కీ మూత మూయాల్సినదానికన్నా గట్టిగా మూశాడు.