పని లేని ఎడమకాలు

సోమన్న తడి గుడ్డతో ముందు అద్దం తుడిచి, వట్టి కాళ్లతో డ్రైవర్ సీట్లో కూర్చున్నాడు. చెప్పులతో బండి నడపడం అతనికి చేతకాదు. క్లచ్ ఎంత లోతుకు పోయిందో పాదానికి తెలియాలంటాడు. ఈ కొత్త కారులో ఆ క్లచ్చే లేదు. ఉన్నవి రెండు పెడళ్లు, రెండూ కుడికాలివే. ఎడమకాలిని ఎక్కడ పెట్టుకోవాలో అతనికి ఇప్పటికీ తోచడం లేదు.

శాంతకుమారి మేడం సూర్యాపేట నుంచి రోజూ కోదాడ కాలేజీకి పాఠాలు చెప్పడానికి వెళ్తుంది. ఆమె పాత కారు నడిపీ నడిపీ సోమన్న ఎడమ మోకాలు అరిగింది. మిర్యాలగూడ డాక్టరు క్లచ్ తొక్కుడు బంద్ పెట్టమన్నాడు. మేడం మంచి మనిషి. ఎలాగూ బండి మార్చాలి కదా, ఆటోమేటిక్‌దే కొందామంది. షోరూంలో రెండు రకాలు చూపించారు. ఏ.ఎం.టీ.లో మామూలు గేర్లే ఉంటాయి, క్లచ్ పని మాత్రం యంత్రం చేస్తుంది. గేరు మారినప్పుడల్లా బండి కాస్త కుదుపుతుంది. సీ.వీ.టీ.లో గేర్లకు బదులు బెల్టు, అందుకని కుదుపు తెలియదు. సోమన్న రెండూ నడిపి చూసి, మేడం నడుము నొప్పిని తలుచుకుని రెండోదే మంచిదన్నాడు.

"స్కూటీ లెక్కనే ఉంటది మేడం. రేస్ ఇస్తే పోతది, బ్రేక్ కొడితే ఆగుతది."

మేడం పెళ్లికి ముందు నుంచీ స్కూటీ నడుపుతోంది.

"అయితే నేను గూడ నడపొచ్చు గద సోమన్నా," అంది.

ఆ స్కూటీ మాట తాను నోరు జారకుండా ఉండాల్సిందని అతనికి తర్వాత తెలిసొచ్చింది. అప్పటి నుంచి సాయంత్రాలు అతనే ఆమెకు డ్రైవింగ్ నేర్పాడు. తన కొలువుకు తానే ఎసరు పెట్టుకుంటున్నానని తెలిసే నేర్పాడు. లారీల పేరు చెప్పి భయపెడదామని ఒకసారి అనుకున్నాడు కూడా. కానీ ఆమె "సరిగ్గనే పోతున్ననా?" అని అడుగుతుంటే అబద్ధం చెప్పడానికి మనసు రాలేదు. మొన్న లైసెన్సు కూడా చేతికొచ్చింది.

ఆ ఉదయం చివ్వెంల దాటాక గొర్రెల మంద రోడ్డెక్కింది. బండి ఆపాలంటే అతనికి రెండు కాళ్లూ ఒక్కసారే కదులుతాయి. ఎడమకాలు లేని క్లచ్‌ను వెతుక్కుంటూ వెళ్లి బ్రేకు మీద పడింది, అదీ క్లచ్ తొక్కినంత బలంగా. కారు నిలువునా ఆగిపోయింది. వెనుక కూర్చున్న మేడం నుదురు ముందు సీటుకు కొట్టుకుంది. వెనకాల వస్తున్న లారీ హారన్ మోగిస్తూ త్రుటిలో పక్కకు తప్పుకుంది.

గొర్రెలు తీరిగ్గా రోడ్డు దాటాయి.

"గిట్ల మూడోసారి సోమన్నా," అంది మేడం నుదురు రుద్దుకుంటూ. "జర దిగు. నేను నడుపుత."

అతను పక్క సీట్లోకి మారాడు. ఆమె ఎడమకాలు వెనక్కి మడిచి పెట్టుకుంది. దానికి క్లచ్ అంటే ఏమిటో తెలియదు, కాబట్టి కుదురుగా ఉంది. కోదాడ దాకా ఎక్కడా తడబడలేదు. "అద్దం సూస్కోండ్రి," అన్నాడొకసారి. ఆమె అప్పటికే చూసింది. ఆ తర్వాత అతను కిటికీలోంచి పత్తి చేలు చూస్తూ కూర్చున్నాడు.

సాయంత్రం తిరిగొచ్చేటప్పుడూ ఆమే నడిపింది. సూర్యాపేటలో ఇంటి ముందు ఆపి, లివర్‌ను పార్కింగ్ గుర్తు 'పీ'లో పెట్టి, హ్యాండ్ బ్రేకు లాగింది.

"మోకాలు ఎట్లుంది?"

"మంచిగనే ఉంది మేడం."

ఆమె దిగలేదు. ఏదో చెప్పబోయి, బ్యాగు జిప్పు సర్దుకుంది. ఆమె అవస్థ చూడలేక సోమన్నే అన్నాడు.

"రేపటి సంది నేను రాను మేడం. మీకు మంచిగ వచ్చింది."

"అట్లంటవేంది," అంది ఆమె. కానీ ఆ ముఖంలో బరువు దిగిన తెరిపి అతను చూశాడు. పోవద్దంటుందని అతను ఆశ పెట్టుకోలేదు. అయినా ఒక్కసారి అని ఉంటే బాగుండేది.

"పోయొస్త మేడం," అని దిగి, బస్టాండు వైపు నడిచాడు. మోకాలు నొప్పికి మెల్లగానే నడిచాడు.

అతను సందు మలుపు తిరిగేదాకా ఆమె కారులోనే కూర్చుంది. దిగి తలుపు వేయబోతూ ఆగింది. పొద్దుటి నుంచీ తాను ఆనుకుని నడిపిన సీటుకు, చెమట అంటకుండా సోమన్న కట్టుకున్న గళ్ల తువ్వాలు రెండు ముడులతో అలాగే ఉంది.