రంగు తినే పొడి

ముప్ఫయ్యేళ్ళు ఉప్పాడలో మగ్గం మీద కూర్చుని లోకంలో ఆడవాళ్ళందరికీ చీరలు నేశాను. నాకంటూ ఒక్కటీ నేసుకోలేదు. కంట్లో పొర ముదురుతోందని తెలిశాక మొండికెత్తి, నాలుగు నెలలు కష్టపడి ఒకటి నేసుకున్నాను. తెల్లటి నూలు మీద ఆకుపచ్చ చిలకలు, ఎర్రటి కొంగు, జరీ అంచు. నూలుకి రంగులద్దింది మా ఆయన ముసలయ్యే.

మొదటిసారి తడపగానే కొంగు ఎరుపు కారి తెలుపంతా పాకింది. నా ప్రాణం ఉసూరుమంది.

మా అక్క కొడుకు గణేష్‌బాబు అద్దకాల ట్రైనింగ్‌కి వెళ్ళొచ్చాడు. రెండు పొట్లాల పొడులు తెచ్చి కలిపాడు.

"ఇవి ఎంజైములు పిన్నీ. ఒకటి రంగుని తింటుంది, ఇంకోటి నూలుని తెల్లబరుస్తుంది. కారిన రంగుని ముందు తింటాయి. గోరువెచ్చటి నీళ్ళలో నలభై నిమిషాలు చాలు. తర్వాత మరిగే నీళ్ళలో ముంచితేనే వాటి పని ఆగుద్ది. మర్చిపోకండి బాబాయ్," అని చెప్పి కాకినాడ బస్సెక్కాడు.

మరక నిజంగానే పోయింది. చిలకలు చెక్కుచెదరలేదు. నేను నీళ్ళు మరగపెట్టబోతే ఈయన గిన్నె దించేశాడు.

"జరీ చీరని ఉడకేస్తారా ఎవరైనా? నల్లగా మాడిపోద్ది. మా నాన్న కాలం నుంచీ చన్నీళ్ళే."

"ఆ అబ్బాయి అంతలా చెప్పాడు కదయ్యా!"

"నిన్నగాక మొన్న పుట్టినోడు నాకు చెప్పేదేంటే?"

నేనూ ఊరుకున్నాను. అదే నా ఏడుపు. జరీ మాట ఎత్తేసరికి నాకూ భయమేసింది. చన్నీళ్ళలో జాడించి, రంగు నిలవాలని ఎప్పటిలాగే తడిగుడ్డలో చుట్టిపెట్టాడు.

పొద్దున విప్పితే చిలకలు లేవు. నా కళ్ళే మోసం చేస్తున్నాయేమోనని ముఖానికి ఆనించుకుని వెతికాను. కొంగు మాత్రం కాస్త గులాబీగా మిగిలింది. ఫోన్ చేస్తే గణేష్‌బాబు, "అయ్యో, మరిగే నీళ్ళు! ఇప్పుడే!" అని కేకలేశాడు. నీళ్ళు మరిగేదాకా ఇద్దరం పొయ్యి ముందు నిలబడ్డాం. ఇంకేం చేస్తాం? ముంచి తీసేసరికి ఆ గులాబీ కూడా పోయింది. ఈయన చెప్పినట్టే జరీ నల్లబడింది.

"మళ్ళీ అద్దనా?" అన్నాడు మెల్లగా.

"అద్దితే చిలకలూ కొంగూ అంతా ఒకటే రంగు. ఇంకెందుకయ్యా?"

ఆరిన చీరని మడతపెట్టి నా ఒళ్ళో పెట్టాడు. నల్లబడ్డ అంచు తప్ప తెల్లగా, వట్టి తెల్లగా ఉంది.

"దాచుకోవే బుల్లెమ్మా. నేను పోయాక కట్టుకుందువుగాని."

ఇంకోరోజైతే ఆ మాటకి ఇల్లు పీకి పందిరేసేదాన్ని. ఆ రోజు చీర తీసుకెళ్ళి పెట్టె అడుగున పెట్టాను.