నూనె పీల్చిన గోడ

నా వేపుడు చేపల కొట్టు ముందుగోడ నిండా చేపల బొమ్మలే. మా అపామియా పట్నం పెద్దవీధిలో ఎవరు ఎవరికి దారి చెప్పినా చేపల గోడ దాటాక తిరగమనే చెబుతారు. వాటిని వేసింది మా ఆయన బర్సౌమా. ఊళ్లో రొట్టెల కొట్లకీ, ద్రాక్షసారా కొట్లకీ, స్నానశాలలకీ బొమ్మలు వేసి వేసి, చివరికి మా కొట్టు మీద పడ్డాడు. ఆఖరి చేపకి కన్ను పెట్టకముందే జ్వరం ఆయన్ని తీసుకుపోయింది. పిల్లలు లేరు. ఆయన నాకు మిగిల్చింది ఆ గోడే. కన్ను మేం పెడతామంటూ వచ్చినవాళ్లందరినీ తిట్టి పంపేశాను.

కొత్త గవర్నరు వస్తున్నాడని తెలిశాక అంగళ్ల అధికారి మాగ్నోస్‌కి పూనకం వచ్చింది. వీధి పొడవునా గోడలన్నీ ఒకేలా ఉండాలట. సున్నం కొట్టి, రంగు చారలు గీసి, చలువరాయి అనిపించాలట.

"ఛీ, ఈ చేపలేంటి షమూనీ! కంపు కొడుతున్నాయి. గవర్నరు గారికి ఇవి చూపించాలా?"

"కంపు బొమ్మలది కాదయ్యా, పొయ్యి మీదున్నవాటిది. సున్నం మీ ముక్కుకి కొట్టించుకోండి."

పక్క కొట్లో గాజు గిన్నెలమ్మే సబ్బా కిసుక్కున నవ్వాడు. మాగ్నోస్ మొహం కందగడ్డ అయింది. గవర్నరు వెళ్లేదాకా నా పొయ్యి వెలగకూడదని కూడా హుకుం వేసి పోయాడు.

మర్నాడు పనివాళ్లు వచ్చారు. గోడకి వీపు ఆనించి నిలబడ్డాను. రెక్క పట్టి పక్కకి ఈడ్చారు.

"సున్నం పట్టుకోడానికి ముందు గోడకి గాట్లు పెట్టమంటారా, దొరా?" అని ఒకడు సుత్తి ఎత్తాడు.

గాట్లు పడితే చేపలు పోయినట్టే.

"తీరికెక్కడుంది? పూసెయ్యండి!" అన్నాడు మాగ్నోస్.

ఆ గోడ పక్కనే ఏళ్ల తరబడి నేను చేపలు వేయించాను. ఆ పొగకి ఎంత నూనె పీల్చిందో, గాట్లు లేకుండా పూసిన సున్నం దాని మీద ఎన్నాళ్లు నిలుస్తుందో నాకు తెలుసు. అయినా నోరు విప్పలేదు. నోరు మూసుకోవడం నా జన్మలో అదే మొదలు.

గవర్నరు వచ్చే రోజు జనం వీధికి రెండు వైపులా నిలబడి జేజేలు కొడుతున్నారు. మా దగ్గర జనం అరిచిన ప్రతి మాటా రాయసగాడు రాసుకోవాలి, అది చక్రవర్తి దాకా పోవాలి. పల్లకీ మలుపు తిరగ్గానే నేను పొయ్యి రాజేశాను.

మాగ్నోస్ పరుగెత్తుకొచ్చాడు. "ఆర్పు! ఆర్పుతావా లేదా?"

"ఆర్పను. ఇది నా పొయ్యి, నా గోడ. గవర్నరు గారి ముందు నన్ను ఈడ్చుకెళ్లండి, చూస్తాను!"

పల్లకీ ఎదుట రభస అవుతుందని జంకి, ఈడ్చుకెళ్లలేకపోయాడు. మంట ఎగిసింది. చలువరాయి కాస్తా ఉబ్బింది, పగిలింది, పెచ్చులు పెచ్చులుగా రాలింది. ముందు ఒక తోక, తర్వాత ఎర్రటి మొప్పలు.

"అక్కా, వచ్చేశాయి!" అని సబ్బా గావుకేక పెట్టాడు. "చేపలు వర్ధిల్లాలి! బర్సౌమా గోడ వర్ధిల్లాలి!"

గాడిదలు తోలేవాళ్లు అందుకున్నారు. గవర్నరుకి జేజేలు కొట్టిన ఆ వరసలోనే వీధంతా మా చేపలకి కొట్టింది. పల్లకీ ఆగింది. గవర్నరు గోడ చూసి నవ్వాడు. రాయసగాడు తలొంచుకుని రాసేశాడు. చక్రవర్తి చెవిన పడబోయే గోడకి మళ్లీ సున్నం కొట్టే ధైర్యం ఎవరికుంది?

పల్లకీ వెళ్లిపోయాక ఆఖరి చేప చూశాను. పెచ్చులన్నీ రాలాయి గానీ, కన్ను ఉండాల్సిన చోట సున్నపు చుక్క ఒకటి గట్టిగా అతుక్కుని ఉంది. ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది.

"ఆ చుక్క ఒకటీ తుడిచెయ్, బాగోలేదు," అని గొణిగాడు మాగ్నోస్.

"చెయ్యి పెట్టారంటే విరుగుతుంది. అది మీరు పెట్టించిన కన్నే కదయ్యా, ఉండనీండి."

ఉంది. మాగ్నోస్ రోజూ దాని ముందునుంచే నడవాలి.