జాలీ క్యాబినెట్

యమున బతికుండగా ఇంట్లో గుడ్డ కప్పని వస్తువు లేదు. ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో మధ్యాహ్నం బ్లాస్టింగ్ అయిందంటే గోదావరిఖనిలో వాళ్ల వీధి మీదికి నల్లటి పొడి దిగుతుంది. టీవీకి, ఫ్రిజ్‌కి, మిక్సీకి ఆమె తన చేత్తోనే కవర్లు కుట్టి, అంచుకు నీలం పట్టీ వేసింది. ఆమె పోయి ఇంకా ఏడాది కాలేదు. భర్త సదానందం సారు ఆ కవర్లను ఉతికి, ఆరేసి, మళ్లీ తొడుగుతున్నాడు.

కూతురు శ్రీహిత ఇంజనీరింగ్‌లో చేరింది. ఆమె చదువుకు, వీడియోల ఎడిటింగ్‌కు, సారు ప్రశ్నపత్రాలకు కలిపి ఒక కంప్యూటర్ కావాలి. భాగాలు కొని ఇంట్లోనే బిగించుకుందామంది. సారు స్కూల్లో భోజనాల వేళ వీడియోలు చూసి సిద్ధమయ్యాడు. ఆదివారం ఆమె పిలిచింది మాత్రం మేనమామ వీరేందర్‌ను.

టీ కాస్తున్న సారుకు ముందుగదిలోంచి కూతురి నవ్వు వినిపించింది. తల్లి పోయాక ఆ ఇంట్లో అదే మొదటిసారి. సంతోషించాల్సిన మనిషికి కడుపులో మండింది.

"గ్రాఫిక్స్ కార్డు ఇప్పుడే ఎందుకు బిడ్డా? ప్రాసెసర్‌లనే గ్రాఫిక్స్ ఉన్నది తీస్కుందాం. ముందుముందు కావాలంటే కార్డు పెట్టుకోవచ్చు. పవర్ సప్లై మాత్రం మంచిది ఉండాలె. మన కరెంటు సంగతి ఎరికే గదా" అంటున్నాడు వీరేందర్.

సారు గ్లాసులు తెచ్చి, "ర్యామ్ ఎనిమిది జీబీ సరిపోదా?" అన్నాడు.

"హాజరు తీసేటందుకైతే చాలు బావా. నీ బిడ్డ వీడియోలకు పదహారు కావాలె."

మళ్లీ నవ్వు.

భాగాలన్నీ బిగించే డబ్బా, క్యాబినెట్ దగ్గరికి వచ్చేసరికి సారు పట్టుబట్టాడు. "ముందర మూసి ఉన్నదే కొనాలె. లేకుంటే దుమ్మంత లోపలికే."

"మూస్తే లోపల ఉడుకుతది బావా. ముందర జల్లెడ లెక్కుండే జాలీదే మంచిది. జాలీ వెనక ఫిల్టర్ ఉంటది, కడుక్కోవచ్చు."

"మామ చెప్పిందే తీస్కుందాం బాపూ" అంది శ్రీహిత, తండ్రి వైపు చూడకుండానే.

దసరా సెలవుల్లో మామా మేనకోడలూ కూర్చుని బిగించారు. సారుకు స్క్రూల గిన్నె పట్టుకునే పని దొరికింది.

ఒక మధ్యాహ్నం శ్రీహిత కాలేజీ వీడియో ఎక్స్‌పోర్ట్‌కు పెట్టి స్నానానికి వెళ్లింది. బ్లాస్టింగ్‌కు కిటికీలు అదిరాయి. సారు పాత డబ్బా టీవీకి యమున కుట్టిన కవరు తీసుకొచ్చి, బల్ల కింద ఉన్న క్యాబినెట్‌కు తొడిగాడు. సరిగ్గా పట్టింది.

శ్రీహిత వచ్చేసరికి తెర నల్లగా ఉంది. పక్కనే ఉన్న తండ్రిని ఒక్క మాట అడగకుండా ఫోన్ తీసింది. "మామా, సిస్టం బందైంది. జల్ది రా."

"నేను ముందే చెప్పిన, ఆ జాలీ డబ్బా వద్దని" అన్నాడు సారు. లోపల హాయిగా అనిపించినందుకు అతనికే సిగ్గేసింది.

వీరేందర్ వచ్చి బల్ల కిందికి వంగాడు. "ఓ బావా! దీనికి సలి పెడ్తదనుకున్నవా? దుప్పటి కప్పినవేంది?" అంటూ కవరు లాగాడు. నీలం పట్టీ చేతికి తగలగానే నవ్వు ఆగిపోయింది.

"అక్క కుట్టిందా?"

"టీవీది."

వీరేందర్ కుట్టు మీద వేలు నడిపాడు. "మా ఇంట్లకు గూడ కుట్టి ఇస్త అన్నది. ఎన్నిసార్లు అడిగిన్నో. నీ ఇంటి పనే ఒడువక తీరిక లేకపాయె అక్కకు." తలెత్తకుండానే అన్నాడు, "ఇది నాకియ్యరాదు బావా."

తనను చూసి కుళ్లుకునే మనిషి కూడా ఒకడున్నాడని సారుకు అప్పుడు తెలిసింది.

"ఇయ్యను" అన్నాడు. కవరు అతని చేతుల్లోంచి తీసుకున్నాడు.

చల్లారాక కంప్యూటర్ మళ్లీ లేచింది. శ్రీహిత పని మొదటి నుంచి మొదలుపెట్టింది. అల్మారాలో నీలం పట్టీ కవర్లు ఇంకా రెండున్నాయి. వీరేందర్ బండి వీధి మలుపు తిరిగేదాకా సారు గడపలో నిలబడ్డాడు గానీ ఆ మాట చెప్పలేదు.

పొద్దుగూకాక లోపలి నుంచి కూతురి గొంతు వినిపించింది.

"బాపూ, ఆఫ్ చేసిన. ఇగ కప్పు."

సారు కవరు పట్టుకుని లోపలికి నడిచాడు.