ఉంగరం తీస్తేనే ఇన్వర్టరు

మా మావగారు పెళ్ళిలో పెట్టిన ఉంగరం నేను పోగొట్టుకుని పన్నెండేళ్ళయింది. ఆ సంగతి నాకూ, అమలాపురంలో గిల్టు నగలమ్మే కొట్టువాడికీ తప్ప మూడో మనిషికి తెలియదు. అచ్చం పాతదానిలాంటిదే ఏడాదికొకటి వాడి దగ్గర కొంటాను. వేలి నుంచి మాత్రం చచ్చినా తియ్యను. తీస్తే కింద చిలుము పట్టిన వేలు ఆకుపచ్చగా కనిపిస్తుంది. మా ఆవిడ సూర్యకుమారివా, డేగ కళ్ళు! ఇదంతా తెలియని మా రాజోలు వీధి ఆడవాళ్ళు, ‘స్నానానికి కూడా తియ్యరట, ఆవిడంటే ఎంత ప్రేమో’ అని వాళ్ళ మొగుళ్ళని సాధిస్తుంటారు.

పైగా ఆ ఏడాదే కువైట్ నుంచి వచ్చిన మా బావమరిది కుమారస్వామి అక్కకి బంగారు కమ్మలు పెట్టాడు. వాళ్ళ నాన్న పెట్టింది నేను పారేసుకుంటే వాడు ఇంకోటి తెచ్చాడు! ఆ సిగ్గుతో, వాడొచ్చినప్పుడల్లా సంచి పట్టుకుని రొయ్యల కోసం నేనే పరిగెడతాను.

మొన్న గాలివానకి మూడు రోజులు కరెంటు పోయేసరికి ఇన్వర్టరు కొన్నాం. బిగించడానికి మలికిపురం నుంచి సాలమోను వచ్చాడు. మస్కట్‌లో పదేళ్ళు ఎలక్ట్రీషియనుగా చేసినవాడు. రెండు బ్యాటరీలూ పక్కపక్కన పెట్టి, పానా పిడికి టేపు చుట్టి, ఇన్వర్టరు స్విచ్చి ఆపి ఉందో లేదో రెండుసార్లు చూసుకున్నాడు. ఫ్యూజు బ్యాటరీకి దగ్గర్లోనే ఉండాలని నాకు పాఠం కూడా చెప్పాడు. పనిమంతుడే అనుకున్నాను. అంతలో నా వంక తిరిగాడు.

“బాబాయిగారూ, ఈ వైరు మొండిదండి. వదిలితే అవతలి బోల్టుకి తగులుద్ది. కాస్త పట్టుకోవాలండి. ముందు ఆ ఉంగరం తీసెయ్యండి.”

నేను పిడికిలి బిగించాను. “ఇది తియ్యనయ్యా. సెంటిమెంటు.”

“బ్యాటరీకి సెంటిమెంటు తెలీదండి. ఉంగరం అటూ ఇటూ తగిలిందంటే క్షణంలో ఎర్రగా కాలిపోద్ది.” ఎడంచెయ్యి చాపి చూపించాడు. వేలి చుట్టూ ఉంగరంలాగే కాలిన మచ్చ. “నా పెళ్ళి ఉంగరమేనండి.”

ఆ మచ్చ వంక చూశాను. అయినా ఆశ చావలేదు. “టేపు చుట్టేస్తే?”

“కుదరదండి.”

“పోనీ ఆవిడ పట్టుకుంటుందిలే.”

“పిన్నిగారికి చేతినిండా గాజులండి.”

“అయితే నీ తంటాలేవో నువ్వే పడు!” అని కసిరాను.

“ఆయ్. అయితే నేనెళ్ళొస్తానండి,” అని అతను పానా సంచిలో పడేశాడు. ఈ గొడవ వినే కాబోలు, వంటింట్లోంచి సూర్యకుమారి కొబ్బరినూనె గిన్నెతో వచ్చింది.

“వేలికంటే ఉంగరం ఎక్కువాండీ? ఇలా తెండి చెయ్యి.”

వెనక్కి లాక్కున్నాను. ఆవిడ వదిలితేగా! నూనె రాసి, రెండు మెలికలు తిప్పి ఊడలాగింది. వేలి చుట్టూ ఆకుపచ్చ పట్టీ. సాలమోను మర్యాదస్తుడు, గోడకేసి చూడసాగాడు.

“పోగొట్టేసేను కుమారీ. పన్నెండేళ్ళయింది,” అన్నాను. “భయపడి చెప్పలేదు.”

ఆవిడ కొంగుతో నా వేలు తుడిచింది. “పోలేదు. మీ పంచె ఉతుకుతుంటే మడతలో దొరికింది. మీరే చెప్తారని నెల్లాళ్ళు చూసేను. చెప్పకపోగా గిల్టుది పెట్టుకొచ్చేరు. ఒళ్ళు మండి, కరిగించి ఈ కమ్మలు చేయించుకున్నాను.”

“అవి మీ తమ్ముడు కదా...”

“వాడు తెచ్చింది ఖర్జూరాలు.”

పన్నెండేళ్ళ రొయ్యలు కళ్ళముందు తిరిగాయి. తిట్టడానికి నోరు తెరిస్తే నవ్వొచ్చింది. ఆవిడా పకపకా నవ్వింది. బోసి వేలితో వైరు పట్టుకున్నాను. సాలమోను చివరి నట్టు బిగించి స్విచ్చి వేశాడు. ఫ్యాను తిరిగింది.

సాయంత్రం కుమారస్వామి ఫోన్ చేశాడు.

“బావగారూ, వచ్చే నెల వస్తున్నానండి.”

“రావోయ్. ఈసారి రొయ్యలు నువ్వే తేవాలి.”

అవతల వాడు కిసుక్కున నవ్వాడు.

“అయితే ఉంగరం తీసేసేరా బావగారూ?” అన్నాడు.