కోడికాళ్ల బదనిక

"ఆ కట్టెకు పోసే నీళ్లు మునగచెట్టుకు పోసినా పది కాయలు దిగేవి," అంది వదిన గ్రేసమ్మ, చింతపండులో గింజలు తీస్తూ.

కృపామణి బియ్యం కడిగిన నీళ్లు చెంబుతో తెచ్చి, వసారా వాసానికి వేలాడుతున్న వేపకొమ్మ మీద కొద్దికొద్దిగా పోసింది. మూరెడు కొమ్మ అది. చుట్టూ గోనెపట్టా, దాని మీద పురికొస. గోనెలోంచి మందపాటి ఆకులు రెండు వరసలుగా బయటికొచ్చి ఉన్నాయి. అడుగునున్నవి ఒక్కొక్కటే పండి రాలిపోతున్నాయి.

సాగర్ ఆనకట్ట నీళ్లలో ఊరు మునిగిపోతుందని ఖాళీ చేయించినప్పుడు అత్తగారింటి నుంచి ఆమె తెచ్చుకున్నవి ఒక ట్రంకుపెట్టె, ఈ కొమ్మ. అప్పటికి భర్త అంతోని పోయి ఏడాది. మాచర్లలో అన్న ఇన్నయ్య ఇంటికొచ్చి మూడేళ్లయింది.

పెళ్లయిన ఏడాది అంతోని గొడ్డలి పట్టుకుని ఇంటిముందు వేపచెట్టెక్కాడు. చెట్టుకు బదనిక పట్టింది, ఉంచితే చెట్టును పీల్చి చంపుతుంది అని అందరూ అన్నారు. ఎక్కినవాడు ఎంతకీ దిగడు. చివరికి దాన్ని నరక్కుండానే, గొడ్డలి నడుముకు దోపుకుని, నోట్లో ఒక పూవు కాడ పట్టుకుని దిగాడు. "చూట్టానికి మాడిన అట్టులాగుంది గానీ, వాసన చూడవే!" అన్నాడు. నాపరాళ్లు కొట్టి కాయలు కాసిన చేతిలో ఆ పూవు అసలు నలగలేదు. ఆ తరువాత ప్రతి వేసవికీ అది పూసేది.

ఇక్కడికొచ్చాక ఒక్క పూవూ లేదు. ఆ వాసన ఎలా ఉండేదో ఆమెకు రోజురోజుకీ చెదిరిపోతోంది. ఒక్కసారి పూస్తే చాలనుకునేది.

"ఏమే కృపా, నీకే చెప్పేది," అంది గ్రేసమ్మ. "బదనిక అది. గింజ ఎగిరి మన వేపచెట్టుకు పడితే చెట్టు మిగలదు. ఆదివారంలోపు తియ్యకపోతే మీ అన్నతో నేనే పారేయిస్తా. ఒకళ్ల మీద పడి బతికేదాన్ని ఇంట్లో పెట్టుకుని మళ్లీ నీళ్లు కూడానా?"

అన్నాక గ్రేసమ్మ తల వంచుకుని గింజలు గబగబా తీసింది. కృపామణి చెంబు బోర్లించి, కుట్టడానికి పెట్టుకున్న జాకెట్ల దగ్గరికి వెళ్లి కూర్చుంది. సూదిలో దారం చాలాసేపు ఎక్కలేదు.

శనివారం పొద్దున పోలమ్మ వచ్చింది. కొండలో వేళ్లూ ఆకులూ ఏరుకొచ్చి సంతలో అమ్మే ముసలామె. ఎవరి చెవిపోటుకో ఈ ఆకు కావాలట. కొమ్మను చూస్తూనే బుగ్గలు నొక్కుకుంది.

"ఎవురు తల్లీ, దీన్ని గోనెలో కుక్కి పీక నులిమింది?"

"కొమ్మ ఎండిపోతదని నేనే కట్టా," అంది కృపామణి.

పోలమ్మ పురికొస తెంపి గోనె ఊడదీసింది. కుళ్లు వాసన కొట్టింది. లోపలి వేళ్లు సగం నల్లబడి మెత్తగా ఉన్నాయి.

"పోలమ్మత్తా, బదనికకు ఇంత వైభోగం ఏందని నేను అప్పట్నించీ మొత్తుకుంటన్నా," అంది గ్రేసమ్మ. "చెట్టును తినేసిద్దిగా అది?"

"ఆ బదనిక వేరు, ఇది వేరు. అది చెట్టులోకి వేరు దించి రసం తాగుద్ది. ఇది కోడికాళ్ల బదనిక. ఈ వేళ్లు చూడు, కోడి దూలాన్ని పట్టుకున్నట్టు పైపైన పట్టుకునుండయి. గాలికీ వానకీ బతుకుద్ది. నిలువ నీళ్లయితేనే చచ్చుద్ది." గోటితో కొమ్మ బెరడు గీకింది. పొడిపొడిగా రాలింది. లోపలంతా చెద. "కొమ్మ చచ్చి చానా కాలమైంది. తినేదైతే దాంతోనే చావదా?"



కృపామణి రాలిన పొడిని చేతిలోకి తీసుకుంది. ఆకులు పచ్చగా ఉన్నాయి కాబట్టి కొమ్మలో ఇంకా పచ్చి ఉందనుకుంది. ఆ ఇంటి చెట్టు ఈ మూరెడంతలో బతికే ఉందని రోజూ నీళ్లు పోసింది.

"మరి ఇప్పుడేం చెయ్యాలి?" అంది.

"కుళ్లిన వేళ్లు కోసి పసుపు అద్దు. బతికిన చెట్టుకు కట్టు, పొద్దుటెండ తగిలేచోట. వేళ్లు తెల్లగా కనపడితే కాసిని నీళ్లు చల్లు, పచ్చబడతయి. పచ్చగా ఉంటే పొయ్యమాక."

ఈ ఇంట్లో బతికిన చెట్టంటే గ్రేసమ్మ వేపచెట్టే. కృపామణి ఆమె వైపు చూడలేదు. గ్రేసమ్మ లోపలికి వెళ్లింది. తిరిగొచ్చేసరికి చేతిలో పాతచీర అంచు పేలిక ఉంది.

"గట్టిగా కట్టు. జారి పడితే మళ్లీ నన్నంటావు," అంది.

ఎండుకొమ్మ మీద నుంచి వేళ్లు విడదీసి వేపచెట్టుకు కట్టడానికి కృపామణికి గంట పట్టింది. కొమ్మను మూడు రోజులు పెట్టె మీద ఉంచుకుంది. నాలుగో రోజు తనే ముక్కలు చేసి పొయ్యిలో పెట్టి, ఆ మంట మీద అన్నం వండింది.

మరుసటేడు సాగర్‌లో నీళ్లు నిలిచాయి. ఇళ్ల పునాదులూ, అంతోని సమాధి మీది సిలువా మునిగిపోయాయని ఇన్నయ్య విని వచ్చి చెప్పాడు. ఆ సాయంత్రం కృపామణి చెట్టు దగ్గరికి వెళ్లింది. వేళ్లు వేప బెరడును కరుచుకుని ఉన్నాయి. పేలిక ఇక అక్కర్లేదు. అయినా విప్పలేదు.

ఆ వచ్చిన వేసవిలో మొగ్గ తొడిగింది. ఊడ్వడానికి వెళ్లిన గ్రేసమ్మే ముందు చూసింది.

"ఏమే కృపా! రావే! ఇదా నీ పువ్వు? దీని కోసమా ఇంత తపస్సు? మాడిన అట్టు మీద వంకాయ తొక్క అతికించినట్టుందే!"

కృపామణి పరుగున వచ్చింది. పూవుకు ముఖం ఆనించింది. చెదిరిపోయిందనుకున్న వాసన మొత్తంగా వచ్చింది. నవ్వొచ్చింది.

"ఆయనా ఇదే అన్నాడొదినా. మాడిన అట్టని."

గ్రేసమ్మ చీపురు చెట్టుకు ఆనించింది. ఈ ఐదేళ్లలో అంతోని గురించి ఆమె ఒక్కమాట అడిగింది లేదు.

"ఎప్పుడే?" అంటూ చెట్టు కింద కూర్చుంది. "చెప్పు."