హెలికాప్టర్‌కు ప్రిపరేషన్

మంచం మీద పెట్టిన డబ్బాను ఉమాకాంత్ దగ్గరికి లాక్కుని చూశాడు. ఎర్ర రిమోట్ హెలికాప్టర్. తోక మీద మెరిసే స్టిక్కర్. అన్నింటికంటే ముందు అతను వద్దని కొట్టేసిన రకం.

"సుల్తాన్ బజార్ల దొర్కింది అన్నా. నీకే," అన్నాడు ఓదెలు చెప్పులు విప్పుతూ. "మస్తుంది, సూడు."

"నిన్నెవడు తెమ్మన్నడు?"

ఓదెలు నవ్వు సగంలో ఆగింది.

అశోక్‌నగర్‌లో జిరాక్స్ షాపు పైన, రెండు మంచాలు పట్టే ఆ గదిలో ఇద్దరూ కొన్నేళ్లుగా పోటీ పరీక్షలకు చదువుతున్నారు. ఓదెలుకు మొన్న ఉద్యోగం వచ్చింది. రేపు పొద్దున పెద్దపల్లి బస్సెక్కుతాడు. వయసులో పెద్దవాడైన ఉమాకాంత్‌కు రాలేదు. సాయంత్రాలు ఒక కోచింగ్ సెంటర్లో కొత్తవాళ్లకు పాలిటీ చెప్పి గది కిరాయి కట్టుకుంటున్నాడు.

ఆ వీధుల్లో ఒక ఆనవాయితీ ఉంది. ఉద్యోగం వచ్చినవాడు తన పుస్తకాలు, కుర్చీ, టేబుల్ లైటు రానివాడికి వదిలి వెళ్తాడు. ఉమాకాంత్ మంచం కింద అట్లా వెళ్లిపోయినవాళ్ల పుస్తకాలే ఉన్నాయి. ఇచ్చేటప్పుడు అందరి గొంతూ ఒకటే. రోగి మంచం పక్కన పళ్లు పెట్టి లేచే గొంతు. ఇప్పుడు వీడు అదే గొంతుతో అతని హెలికాప్టర్‌ను కూడా ఇస్తున్నాడు.

అతని హెలికాప్టరే. ఇంకా కొనలేదు, అంతే. ఎప్పుడో ఫోన్లో ఒక వీడియో చూశాడు. ఎవరో నడివయసు మనిషి, బొటనవేళ్లు తప్ప ఒళ్లేమీ కదలకుండా, ఒక చిన్న హెలికాప్టర్‌ను గాల్లో ఒక్కచోట నిలబెట్టాడు. తను బతుకులో ఒక్క క్షణం కూడా అంత నిలకడగా లేడనిపించింది ఉమాకాంత్‌కు. ఇక్కడ అందరూ అన్నీ ఉద్యోగం వచ్చాకే అంటారు. పెళ్లి, బండి, ఆఖరికి పుచ్చిన పన్ను పీకించుకోవడం కూడా. ఇదొక్కటి అట్లా కాకూడదనుకున్నాడు. ఉద్యోగం లేని మనిషిగానే కొనాలి. తనకున్న కొద్ది డబ్బుతో, తనే చూసి, తనే ఎంచుకుని.

కాని ఎంచుకోవడం అతనికి ఒక్క విధంగానే తెలుసు. క్లాసులో చెప్పేది అదే: సరైనదాన్ని వెతకొద్దు, తప్పులను కొట్టేయండి, మిగిలిందే జవాబు. చిక్కడపల్లి లైబ్రరీలో రాజ్యాంగం మూసిపెట్టి హెలికాప్టర్లను కొట్టేశాడు. టీవీ రిమోట్ మాదిరి కనపడని కాంతితో నడిచేది ఎండలో పనిచేయదు, కొట్టేయ్. కెమెరా ఉన్నది బ్యాటరీని తాగేస్తుంది, కొట్టేయ్. పైన ఒక్క జత రెక్కలే ఉన్నది కొత్తవాడి చేతిలో నిలవదు. ఒకదాని మీద ఒకటి రెండు జతలున్నది నిలుస్తుంది గాని గాలికి కొట్టుకుపోతుంది, పైగా పిల్లల వస్తువులా ఉంటుంది. గాలిని తట్టుకునేది తన డబ్బుకు అందదు. పరీక్షలో నాలుగు జవాబులూ తప్పు కావు. బజార్లో అవుతాయి. ఎండలు పోయాయి, వానలు పోయాయి. ఒక్కోదాంట్లో తప్పు దొరికినప్పుడల్లా లోపల చిన్న సుఖం కలిగేది. తను వెతుకుతున్నది ఆ సుఖం కోసమేమోనని అతనికెప్పుడూ తట్టలేదు.

"దయ సూపిస్తున్నవారా?" అన్నాడు ఇప్పుడు.

"దయేంది అన్నా? నీకిష్టమని తెచ్చిన."

"నాకేదిష్టమో నీకెట్ల తెలుసు? ఎండల పోదురా అది!"

"పోతది తియ్. నువ్వు రా."

ఓదెలు డబ్బా చింపి మేడ మీదికి ఎక్కాడు. ఉమాకాంత్ వెనకే వెళ్లాడు, అది పడిపోవడం కళ్లారా చూడాలని. మెట్ల గది నీడలో హెలికాప్టర్ గిర్రున లేచింది. పిట్టగోడ ఎత్తు దాకా వెళ్లింది. ఓదెలు కేక వేశాడు. నీడ దాటి ఎండలోకి పోగానే రిమోట్ మాట వినడం మానేసి, పక్కింటి రేకుల మీద టపీమని పడింది.

"చెప్పలే?" అన్నాడు ఉమాకాంత్. అలవాటైన ఆ చిన్న సుఖం కోసం లోపల తడుముకున్నాడు. దొరకలేదు. ఓదెలు ముఖంలో ఓటమి లేదు.

"ఎగిరింది గదన్నా."

"పడ్డది."

"ఎగిరినంకనే పడ్డది." ఓదెలు రిమోట్‌ను పిట్టగోడ మీద పెట్టాడు. అతనికీ కోపం వచ్చింది. "ఒక్క మాట చెప్త, తిట్టుకో. నువ్వు హెలికాప్టర్‌కు గూడ ప్రిపేరయితున్నవ్ అన్నా. గదీ రాదు నీకు."

ఉమాకాంత్ చెయ్యి లేచింది. కొట్టలేదు. ఆ చెయ్యిని ఏం చేయాలో తెలియక, మెట్లు దిగి రోడ్డు మీద పడ్డాడు.

కోపంలో నడిచేవాడికి ఊరంతా తన మీద కట్టినట్టే ఉంటుంది. ఫ్లెక్సీల మీద ర్యాంకర్లు వరసగా నవ్వుతున్నారు. నోట్సుల కొట్లు, మెస్సుల బోర్డులు, సంచీలు తగిలించుకున్న పిల్లలు. నారాయణగూడ వచ్చేసరికి, ఓదెలు అబద్ధం చెప్పి ఉంటే ఇంత మండేది కాదని అతనికి తెలిసిపోయింది. అది తెలిశాక ఇంకా మండింది.

బొమ్మల కొట్లో కౌంటర్ వెనక ఒకామె ఫోన్ చూసుకుంటోంది.

"రిమోట్ హెలికాప్టర్ కావాలె."

"బాబుకు ఎన్నేండ్లు సార్?"

"ముప్పై ఆరు."

ఆమె తలెత్తింది.

"నాకే," అన్నాడు, కొట్లాటకు వచ్చినవాడిలా.

"అట్ల కోపమెందుకు సార్? తీసుకోన్రి, మేమొద్దన్నమా?" అని లేచి, పై అర నుంచి ఒక డబ్బా దించింది. పసుపుపచ్చది. ఒకదాని మీద ఒకటి రెండు జతల రెక్కలు.

"ఇది గాలికి ఆగదు," అన్నాడు. "పిల్లల తీరుంటది."

"అయితే వద్దా?"

వద్దు అనే మాట నాలుక చివరికి ఎప్పటిలాగే హాయిగా వచ్చి కూర్చుంది. దాని మీదే కోపం వచ్చింది అతనికి.

"స్పేర్ రెక్కలున్నయా?"

"డబ్బాలనే ఉన్నయ్."

"ఇయ్యండి."

తిరిగి మేడ ఎక్కేసరికి ఎండ వాటర్ ట్యాంకు వెనక్కి పోయింది. ఓదెలు దండెం కర్రతో పక్కింటి రేకుల మీద దేవులాడుతున్నాడు. పసుపు డబ్బాను చూసి కర్రను పక్కన పెట్టాడు.

కొట్లో పనిచేస్తుందో లేదో చూడడానికి పెట్టిన ఛార్జింగ్ ఇంకా కొంచెం ఉంది. ఉమాకాంత్ బొటనవేలితో రిమోట్ మీది పుల్లను నెట్టాడు. హెలికాప్టర్ ఎగబాకి సూటిగా ట్యాంకును గుద్దుకుంది. కింది రెక్క విరిగింది. అతను బూతు మాట అన్నాడు. మరలు విప్పి కొత్త రెక్క బిగించాడు.

ఈసారి మెల్లగా నెట్టాడు. మోకాలి ఎత్తుకు లేచింది. ఆ వీడియోలో మనిషిలా నిలబడలేకపోయాడు. హెలికాప్టర్ ఎటు వాలితే ఒళ్లంతా అటే వాలుతోంది. అది ఎడమకు లాగుతోంది. తప్పే. కాని కొట్టేయడానికి లేదు, గాల్లో ఉంది.

"అన్నా, జర నాకియ్యి. ఒక్కసారి."

"ఇయ్య," అన్నాడు ఉమాకాంత్ తల తిప్పకుండా. "నీది రేకుల మీదుంది. పోయి తెచ్చుకో."